చలిమేడ

“అక్కడ వాళ్లు అట్లు తిని, చేతులు కడుక్కుని, ఓ నిద్ర కూడా తీశారు. నువ్వింకా ఏ చంద్రుడి కోసం చూస్తున్నావు హైమా?” అన్నాడు శేషగిరి. ఇంగ్లండులో ఇంకా మధ్యాహ్నం టీ వేళ ఉండగానే రాజమండ్రి నుంచి ఆయన చెల్లెలు కస్తూరి వీడియో కాల్ చేసి, మేడమీద కొబ్బరాకుల సందులోంచి అట్లతద్ది చంద్రుణ్ణి చూపించిన దగ్గర్నుంచీ నడుస్తున్న వాదన ఇది. “ఫోన్లో చూశావు, దణ్ణం కూడా పెట్టావు. ఇంక తినెయ్.”

“మీ చెల్లెలు పెట్టమంటే పెట్టాను. అది రాజమండ్రి చంద్రుడండీ.”

“ఓహో, రాజమండ్రికొకడూ మిల్టన్ కీన్స్‌కొకడూనా! ఇక్కడివాణ్ణి కౌన్సిల్ వాళ్లు పంపిస్తారా, చెత్తబిన్నుల లారీతో పాటు?”

స్టీవెనేజ్ నుంచి పొద్దున్నే వచ్చిన కొడుకు ఆదర్శ్ ఫోన్లో ఏదో యాప్ తెరిచి, తలెత్తకుండానే, “టెక్నికల్లీ మూన్ వచ్చేసింది అమ్మా. మబ్బు అడ్డం, అంతే,” అన్నాడు. “టెక్నికల్లీ వచ్చినవాణ్ణి చూస్తే టెక్నికల్లీ కడుపు నిండుతుందిరా,” అంది హైమ. కూతురు మానస నవ్వబోయి ఆపుకుంది. “మామ్, యువర్ ఐరన్ ఈజ్ లో. జీపీ డాక్టర్ ఫాస్టింగ్ వద్దన్నారు. ప్లీజ్.” హారోలో ఫార్మసీ నడిపే పిల్ల, మందుల భాషలో తప్ప తల్లిని బతిమాలడం దానికి రాదు. “అందరం నీకోసమే కదుటే చెప్తున్నాం,” అన్నాడు శేషగిరి మెత్తబడి. హైమ కుర్చీ మీది శాలువా తీసుకుని, వెనక గాజు తలుపు పక్కకి జరిపి, తోటలోకి వెళ్లి, తలుపు మళ్లీ జరిపేసింది.

తలుపు పడగానే ఇల్లు సినిమా అయిపోయింది, మాటల్లేని సినిమా. లోపల దీపాల వెలుగులో ముగ్గురూ కదులుతున్నారు. ఆదర్శ్ అట్టపెట్టెకి టేపు వేస్తున్నాడు, మానస ఏదో చెబుతూ చేతులు తిప్పుతోంది, ఆయన వంటింటి గట్టు తుడుస్తున్నాడు, రేపు ఫొటోలు తీస్తారు గనక. రేపు పొద్దున ఇళ్లు అమ్మిపెట్టే ఆఫీసు నుంచి ఫొటోగ్రాఫర్ వస్తాడు. గదులన్నీ తీసుకుపోయి వెబ్‌సైట్లో పెడతాడు. ఆ తర్వాత ఎవరెవరో షూ విప్పకుండా మెట్లెక్కి చూసిపోతారు, ఒకరు కొనుక్కుంటారు, వచ్చే వేసవికల్లా తనూ ఆయనా విశాఖపట్నంలో ఉంటారు, మధురవాడ ఫ్లాట్‌లో, పన్నెండో అంతస్తులో. నీకోసమే, అంటాడు ఆయన. ఇక్కడ నువ్వు ఒంటరిదానివైపోయావు, నేను చూడలేదనుకుంటున్నావా, అక్కడ నీ భాష, నీ మనుషులు, పనిమనిషి, పూలు. కంపెనీవాళ్లు ఉద్యోగం నుంచి తప్పించి పంపినప్పుడు ఆయన కుంగిపోతాడనుకుంది. కుంగలేదు, ఆ సాయంత్రమే వైజాగ్ వీడియోలు పెట్టుకుని కూర్చున్నాడు, ముఖంలో పదేళ్లు తగ్గాయి. తనని అడగలేదని కాదు. వచ్చేద్దామా హైమా అని అడిగాడు. ఊఁ అంది. పెళ్లయినప్పటినుంచీ ఆ ఊఁకి విన్నాను అని తప్ప ఇంకో అర్థం లేదు, ఆయనకి మాత్రం అది ప్రతిసారీ సరే అనే వినపడింది. ఆ ఊఁలు పరుచుకునే ఇంత దూరం వచ్చారు, ఇంకా వెళ్తున్నారు. రేపు ఆ మనిషి తలుపు తట్టేలోపు కావాలనో వద్దనో చెప్పకపోతే, ఈ ఊఁ కూడా సరే అయిపోతుంది.

ఇనుప కుర్చీ చల్లగా తగిలింది. తెల్లవారుజామున చీకట్లో లేచి ఒక్కతే కూర్చుని తిన్న పెరుగన్నం ఎప్పుడో అరిగిపోయింది. తూర్పున గోదాముల దీపాలకి మబ్బులు కింద అంచున నారింజ రంగు తిరిగాయి, ఆ వెలుగు చూసి చంద్రుడనుకుని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చుంది. వేలి చివరల గోరింటాకు కూడా అదే రంగు, ఆకు నూరింది కాదు, కోన్. ఇళ్ల వెనక పెద్ద గ్రిడ్ రోడ్డు మీద కార్లు ఆగకుండా పోతున్న చప్పుడు, వినీ వినీ నీళ్ల చప్పుడులా అయిపోయింది. పక్క తోటలోంచి ఒక వాసన వచ్చింది. పొగడపూల వాసనకి దగ్గరగా, ఇంకాస్త తియ్యగా, పండిన పండులా. ఇదివరకు పక్కింట్లో ఉన్న లామ్ గారి మొక్క ఇంకా బతికే ఉందన్నమాట. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఆ కుండీని బిన్నుల పక్కకి జరిపేశారు, అక్కడే పూసింది, పిచ్చిది. పూలు చూస్తే ఏమీ ఉండవు, నూకల్లాంటి పసుపు పువ్వులు. మా చైనా కథల్లో చంద్రుడి మీద ఉన్న చెట్టు ఇదే, అనేది లామ్ గారు. ఆ చెట్టు పేరు పెట్టి చంద్రుణ్ణి పిలుస్తారట, ఆ చెట్టు ప్రాణం అని ఒక పేరు. ఒక మనిషికి శిక్ష వేశారు, ఆ చెట్టు కొట్టమని. కొట్టిన చోటల్లా మళ్లీ మానిపోతుంది. రోజూ వంటలాగా, అంది హైమ. లామ్ గారు కంచె పట్టుకుని నవ్వింది.

ఆవిడ హాంకాంగ్‌లో ఆడపిల్లల బడిలో చైనా సాహిత్యం చెప్పేది. కొడుకుతో ఇక్కడికి వచ్చాక చెప్పడానికి ఎవరూ దొరకలేదు, కంచె ఇవతల హైమ దొరికింది. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతే. వాతావరణం, కూరగాయల ధరలు, కీళ్లనొప్పుల మందులు, అక్కడితో అయిపోయేది. ఒక సాయంత్రం బట్టలు తీస్తూ పైకి చూపించి, మా భాషలో దానికి చాలా పేర్లు, అంది. ఏమిటా పేర్లు అంటే పచ్చరాతి పళ్లెం అంది, తన చేతి గాజు చూపించి, ఈ రాయే. ఐసు చక్రం. సన్నగా ఉన్నప్పుడు వెండి కొక్కెం. తెల్లబట్టల ఆడది. ఆ మాటకి హైమ ఉలిక్కిపడింది, లామ్ గారు భర్త పోయిన మనిషి, మాకూ చావు రంగు తెలుపే అని ఆవిడే చెప్పి, మళ్లీ పైకి చూసింది. కప్ప ఉండే మేడ. కుందేలు. అప్పుడు హైమకి ఎనిమిదో తరగతి తెలుగు మేష్టారు బెత్తం ఊపుతూ చెప్పించిన పర్యాయపదాలు గొంతులోకి వచ్చేశాయి, శశాంకుడు, సుధాకరుడు, నిశాకరుడు, సోముడు, ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కున్నాయో. శశాంకుడంటే కుందేలు గుర్తు ఉన్నవాడు అని చెబితే లామ్ గారు చేతిలో తువ్వాలు కింద పడేసుకుంది. “యూ ఆల్సో హ్యావ్ రాబిట్?” “ఎస్, రాబిట్.” “డూయింగ్ వాట్?” ఆలోచించింది హైమ. “నథింగ్. సిటింగ్.” “అవర్ రాబిట్ వర్కింగ్,” అంది లామ్ గారు గర్వంగా, “మేకింగ్ మెడిసిన్, ఎవ్రీడే.” ఆ రాత్రి వంటచేస్తూ తనలో తను నవ్వుకుంటే, శేషగిరి చెవిలోంచి హెడ్‌ఫోన్ ఒకటి తీసి, ఏమిటీ అన్నాడు. ఏమీ లేదు, కుందేలు, అంది. సరేలే అని మళ్లీ పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. అటువైపు హైదరాబాద్ టీము, ఆయన ఒక్కమాట తప్పితే వాళ్ల రాత్రి పాడవుతుంది. ఏళ్ల తరబడి ఈ ఇంట్లో ఆయన గొంతు వినపడుతూనే ఉంది, పక్కగదిలోంచి, వేరేవాళ్లతో.

మన చంద్రుడు మగవాడు. ఇంకా చెప్పాలంటే మామ, మేనమామ. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి హైమ నానా తంటాలు పడింది, మదర్స్ బ్రదర్, ఆల్ చిల్డ్రన్స్ అంకుల్. మంచి పని చేశారు, అంకుల్ అయితే పిలిస్తే వస్తాడు, అంది లామ్ గారు. మాది ఒంటరి ఆడది, పిలిస్తే రాదు. అప్పుడు చెప్పింది చాంగే కథ. చాంగే మొగుడు గొప్ప విలుకాడు, చావులేని మందు సంపాదించాడు. అది ఆవిడ మింగింది. మింగగానే ఒళ్లు తేలికైపోయి, కిటికీలోంచి తేలిపోయి, చంద్రుడి దాకా వెళ్లిపోయింది. ఎందుకు మింగిందంటే, కొందరు దొంగతనంగా అంటారు, కొందరు దొంగ చేతిలో పడకుండా అంటారు. ఎలాగైనా అక్కడే ఉంది. ఆవిడ ఉండే చోటికి కూడా పేరుంది, ఆ పేరూ చంద్రుడిదే. పెద్దదీ, ఖాళీదీ, చల్లనిదీ అయిన రాజభవనం, అని ఇంగ్లీషులో ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది లామ్ గారు. హైమ మనసులో అది చలిమేడ అయింది. ఏ బరువైన మాటా అక్కర్లేకుండా, తనంతట తనే. ఆ తర్వాత వారమంతా పిల్లల ఖాళీ గదుల్లో తిరుగుతూ హీటింగ్ తగ్గించినప్పుడల్లా ఆ మాట అనుకునేది. చలిమేడ. ఇంతటి ఇల్లు, నాలుగు బెడ్‌రూములు, కార్పెట్ మీద అడుగు చప్పుడు కూడా లేదు. మరి దిగి రావాలనుకోలేదా ఆవిడ, అని అడిగింది ఇంకోరోజు. చాలా పశ్చాత్తాపపడిందని కవులందరూ రాశారు, అంది లామ్ గారు, గాలికి కళ్లు చికిలించి. కవులందరూ మగవాళ్లు. అందరూ కింద నిలబడి రాశారు. “నోబడీ వెంట్ అప్ అండ్ ఆస్క్ హర్.”

చినుకు పడిందేమో అని అరచేయి చాపింది. పడలేదు. ఆకలి తనకి కొత్త కాదు, ఏడాదికొకసారి వచ్చే చుట్టం. చిన్నప్పుడు ఈ వేళకి మేడమీద ఆడవాళ్లందరూ చేరేవాళ్లు, కరెంటు పోయేది, ఎవరి ముఖం ఎవరికీ కనపడేది కాదు, గాజుల చప్పుడే. అమ్మ కథ చెప్పేది, చేతిలో అక్షింతలు పట్టుకుని ఊఁ కొట్టమనేది. ఒక రాజుగారి కూతురు ఈ నోము పట్టి, ఆకలికి సొమ్మసిల్లి పడిపోయింది. అన్నలకి చెల్లెలంటే ప్రాణం. చూడలేకపోయారు. చెట్టుకొమ్మకి అద్దం కట్టి, దూరంగా మంట పెట్టి, అద్దంలో ఆ వెలుగు చూపించి, అమ్మా చంద్రుడొచ్చాడు లే, తిను, అన్నారు. లేచింది, చూసింది, నమ్మింది, తిన్నది. నోము చెడింది. ఆ పిల్లకి వచ్చిన సంబంధాలన్నీ ముసలివాళ్లవే. ఇక్కడ పిల్లలందరూ పకపకా నవ్వేవాళ్లు, హైమ కూడా. అన్నల మీద కోపం రాలేదు ఎవరికీ. ఎలా వస్తుంది, ప్రేమతోనే కట్టారు కదా అద్దం. ఎగిరే అద్దం అని కూడా ఒక పేరుందని లామ్ గారు చెప్పినప్పుడు, ఈ కథ ఆవిడకి చెప్పాలనుకుని, మాటలు కూడదీసుకునేలోపు వాన వచ్చింది. ఆ తర్వాత చెప్పడం పడలేదు.

నీకోసమే. ఆ మాట మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది. గాజు తలుపు అవతల ఆయన గట్టు తుడవడం అయిపోయి, ఇప్పుడు సింకు తుడుస్తున్నాడు, చొక్కా చేతులు మడిచి, పెళ్లినాటి శ్రద్ధతో. ఆయన కట్టిన అద్దంలో ఏముంది? నీ భాష, నీ మనుషులు, పూలు. అద్దంలో వెలుగు నిజమైనదే, దూరంగా మంట నిజంగానే మండుతోంది, కానీ అది ఆయన మంట. ఆయన స్నేహితులు, ఆయన బీచి, ఆయన చదివిన కాలేజీ, ఆయన్ని ఇప్పటికీ గిరీ అని పిలిచేవాళ్లు. జనవరిలో ఫ్లాట్‌కి కప్‌బోర్డులు పెట్టించడానికి వెళ్లినప్పుడు చూసింది కదా. రోజూ భోజనానికి ఎవరో ఒకరు, లండన్ అత్తయ్య వచ్చిందని ఎవరో ఒకరు, ఇంకేం, వచ్చేయండి, అక్కడ ఆ చలిలో ఎందుకు, అని ప్రతివాళ్లూ. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి. అంతమంది మధ్య, ఎవరికీ చెప్పడానికి ఒక్క మాట లేకుండా, వడ్డిస్తూ నిలబడింది. అమ్మ లేదు. మేడ లేదు, అపార్ట్‌మెంట్ కట్టారు. తను వెళ్తే తలుపు తీయడానికి ఎదురుచూస్తున్న హైమ అక్కడ లేదు, ఆ సంగతి ఎవరికీ తెలియదు, మర్యాదకి తనూ చెప్పలేదు. అక్కడి ఒంటరితనం కొత్తగా మొదలుపెట్టాలి, ఈ వయసులో, అదీ జనం మధ్యలో, నవ్వుతూ.

లామ్ గారు కూడా వెళ్లిపోయింది వసంతంలో, కొడుకుకి ఉద్యోగం కుదరక. హాంకాంగ్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. ఒకసారి ఫోన్ చేసింది. ఇక్కడ చంద్రుడు రెండు బిల్డింగుల మధ్య కాసేపు నిలబడి వెళ్లిపోతాడు, అంది. అందరూ ఎందుకెళ్లావు అంటారు, ఎందుకొచ్చావు అంటారు, రెండిటికీ ఒకటే జవాబు చెప్పలేక చస్తున్నాను. మీ తోట ఎలా ఉంది? బాగుంది, అంది హైమ. అబద్ధమేమీ కాదు. తోట అంటే ఎంత, ఒక ఆపిల్ చెట్టు, కరివేపాకు కుండీ చలికాలం లోపలికి, వేసవిలో బయటికి. అయినా దీన్ని తనే తవ్వింది. నలభై దాటాక కారు నేర్చుకుని, రౌండెబౌట్ దగ్గర ఎటు తిరగాలో తెలియక అదే చక్రంలో తిరిగి తిరిగి, ఇంటికొచ్చి స్నానాల గదిలో ఏడ్చి, మర్నాడు మళ్లీ తాళాలు తీసుకుంది. ఇప్పుడు కళ్లు మూసుకుని పోగలదు. బడిలో మధ్యాహ్నం అన్నం వేళ పిల్లల్ని చూసుకునే పని. మిస్, మై లేస్, అని కాలు చాపుతాయి వెధవలు, వంగి కట్టాలి. ఎవరి కాలు ఏదో బూటు చూసి చెప్పేస్తుంది. ఇంటికొస్తే ఎవరూ ఉండరు. నిజమే, ఎవరూ ఉండరు, ఆదివారం పిల్లల ఫోన్లు, పండక్కి వాయనం పట్టుకెళ్తే తలుపు దగ్గర పెట్టేసి వెళ్లండి ఆంటీ, కాల్‌లో ఉన్నాను, అనే ఎదురింటి అమ్మాయి. కొన్ని సాయంత్రాలు గొంతు పనిచేస్తోందో లేదో చూడ్డానికి కెటిల్‌తో మాట్లాడుతుంది. ఇదేమీ సుఖం కాదు. కానీ ఈ ఒంటరితనాన్ని తను ఒక్కతే, ఎవరి సాయమూ లేకుండా, గది గదీ సర్దుకుంది. ఏ మూల ఏముందో చీకట్లో కూడా చేతికి తెలుసు. ఎక్కడ కూర్చుంటే ఏడుపు రాదో తెలుసు. ఎవరైనా పైకి వచ్చి, ఇక్కడ ఎలా ఉంది అని ఒక్కసారి అడిగితే చెప్పేది. చలిగా ఉంటుంది. చాలా చలిగా ఉంటుంది. అలవాటు కూడా అయింది, కిటికీ తెరిస్తే చాలా దూరం కనపడుతుంది.

ఆయన ఒంటరివాడు కాడా మరి? ఆయనకీ ఇది చలిమేడే అయ్యుండాలి, ఇన్నేళ్లూ హెడ్‌ఫోన్‌లోంచి అవతలివైపు గొంతులు పట్టుకుని వేలాడాడు. ఆయన దిగిపోవాలి. దిగిపోతేనే బతుకుతాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది, దొరకలేదు. కోపం ఉంటే ఎంత సులువుగా ఉండేది, అరిచి చెప్పేసేది.

ఎప్పుడొచ్చాడో. వెనకింటి పొగగొట్టం పక్కన, మబ్బు రెండుగా చీలిన చోట, ఒకవైపు చొట్టపడి, కాస్త ఎర్రగా, తడిగా. ఇంత దగ్గరగా ఉంటాడనుకోలేదు. హైమ లేచి నిలబడింది. ఇన్ని పేర్లు నోటికొచ్చు గదా, ఒక్కటీ రాలేదు. చేతులు జోడించింది. చిన్నప్పటినుంచీ ఈ దణ్ణంలో అడిగేది ఒకటే, పెళ్లికాకముందు మంచి మొగుడు, పెళ్లయ్యాక మొగుడి క్షేమం, అడగడానికి ఆలోచించక్కర్లేదు, చేతులు కలిస్తే పెదవులే అంటాయి. ఈసారీ అన్నాయి. ఆయన అక్కడ చల్లగా ఉండాలి స్వామీ, మోకాలి నొప్పి తగ్గాలి, వేళకి తినాలి, ఆయనకి అక్కడ తోడు దొరకాలి. అనేశాక విన్నది. కళ్లు తెరిచింది. అక్కడ, అంది తను. ఎక్కడో ఉన్న మనిషి కోసం అడిగినట్టు అడిగింది. ఎంతసేపు అలా నిలబడిందో, చెంపలు చల్లబడితే తెలిసింది తడి అని.

తలుపు జరిపేసరికి మళ్లీ మాటలు వచ్చాయి. “వచ్చాడా మీ మిల్టన్ కీన్స్ వాడు?” అన్నాడు శేషగిరి. “వచ్చాడు.” “హమ్మయ్య. మానసా, మీ అమ్మకి అట్లు వేడిచెయ్యి. నాకూ ఓ రెండు.” “మీరింకా తినలేదా?” “నువ్వు చలిలో కూర్చుంటే మేమిక్కడ ఎలా తింటామే,” అన్నాడు విసుగ్గా, ఆ విసుగు తన మీదే అన్నట్టు ముఖం పక్కకి తిప్పుకుని. నలుగురికీ కంచాలు ఆయనే పెట్టాడు. ముద్దపప్పు, వెన్న, గోంగూర పచ్చడి. మొదటి ముద్ద గొంతు దిగుతుంటే హైమకి కళ్లు తిరిగినంత పనైంది, రెండోదానికి సర్దుకుంది. ఆదర్శ్ తన పాత క్రికెట్ ప్యాడ్లు ఛారిటీ షాప్‌కి ఇచ్చేయాలా అని అడిగాడు. శేషగిరి, ఫొటోగ్రాఫర్ వచ్చేలోపు ఆ పెట్టెలన్నీ గరాజ్‌లోకి పోవాలన్నాడు. హైమ ఆయన కంచంలో రెండో అట్టు వేసింది, వెన్న రాసింది, ఆయన తినేదాకా ఆగింది.

“ఏమండీ,” అంది. “రేపు ఆ ఫొటోలు తీసే అబ్బాయిని రావద్దని చెప్పండి.”

“ఏం, ఇల్లు ఇంకా సర్దలేదనా? పొద్దున్నే లేచి చేసేద్దాం.”

“అది కాదు. మీరు వైజాగ్ వెళ్లండి. అక్కడ మీకు బాగుంటుంది, నాకు తెలుసు, నిజంగానే అంటున్నాను. బడి సెలవులకి నేను వచ్చి మీతో ఉంటాను. ఇంటి అప్పు ఎలాగూ తీరిపోయింది, నా జీతంతో నేను నెట్టుకొస్తాను. నేను రావడం లేదు.”

శేషగిరి చేతిలో అట్టుముక్క అలాగే ఉండిపోయింది. ఆదర్శ్ తండ్రి వైపు చూశాడు. “మామ్,” అంది మానస మెల్లిగా, “యూ మీన్ అలోన్? ఇక్కడ?”

హైమ ముగ్గురి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది, ఎవరి దగ్గరా ఆగకుండా, ఎవరినీ వదలకుండా.

“ఒక్కదాన్నే,” అంది. “ఈ ఇంట్లోనే ఉంటాను.”